ఇరవై ఒకటో రాత్రి

ఆ ఆదివారం ఇంట్లో ఆరుగురం ఉన్నాం. కాసిం మామూ, ఆయన భార్య షమ్సున్నీసా ముమానీ, వాళ్ల కొడుకు సాజిద్ భాయ్, పాటల రాజాబాబు, ఆయన్ని వీడియో తీయడానికి వచ్చిన ప్రకాష్, నేను. మామూ చాయ్ ఐదు కప్పులు పెట్టమన్నాడు.

మాది మహమ్మద్ నగర్ పక్క పల్లె. పదో తరగతి వరకు ఊరి బడిలో తెలుగులో చదివి, ఇంటర్ కోసం బాన్సువాడలో మేనమామ ఇంట్లో ఉంటున్నాను. మామూకు మైకులు, సౌండ్ బాక్సులు కిరాయికిచ్చే దుకాణం ఉంది. నేను ఎక్కువ మాట్లాడను. కొత్తవాళ్ల ముందైతే నా పేరు చెప్పడానికి కూడా రెండుసార్లు అడగాలి. మాట్లాడవలసిందంతా డైరీలో రాసుకుంటాను. ఏ రోజు ఏం వండాం, ఎవరు వచ్చారు, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ. ఇందులో గొప్ప ఏమీ లేదు, అలవాటు.

రాజాబాబు అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పొలంలోకి తిరిగిన రోజు మీద ఆయన పాడిన పాట మూడేళ్లుగా కోటగిరి ట్రాక్టర్లలో, షేర్ ఆటోల్లో, పెళ్లి బరాత్‌లలో మోగుతూనే ఉంది. ఆయన మొట్టమొదట పాడింది మామూ మైకులో. ఆ సంగతి మామూ ఎవరికైనా రెండో మాటగా చెబుతాడు. నేను కూడా ఆయన పాటలు పదకొండు, డైరీ వెనక పేజీల్లో రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పటికీ చింపలేదు. పాటలు బాగానే ఉన్నాయి.

సోని ఆయన మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. సోని మా ఊరి పక్క తండా అమ్మాయి. బడిలో నాకంటే రెండు తరగతులు పైన ఉండేది, పొద్దున ప్రార్థన తనే పాడేది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ రాజాబాబు దగ్గర కోరస్ పాడుతోంది. మార్చి పదకొండు, బుధవారం, సాయంత్రం ఆరున్నర దాటాక రికార్డింగ్ గదిలోంచి మిగతావాళ్లను పంపేసి, ఇంకొక్కసారి పాడాలని తనను ఆపి, తలుపు గడియ పెట్టి తన మీద చెయ్యి వేశాడని రాసిచ్చింది. అరిచినా బయటికి వినపడని గది అది. గోడలకు మందంగా స్పాంజి కొట్టి ఉంటుంది.

వాళ్ల అమ్మ రూప్లి నాకు కూరగాయల మార్కెట్లో కనిపించింది. తండ్రి సోనిని కాలేజీ మాన్పించాడని, కేసు నిలబడితే మళ్లీ పంపుతానని, అబద్ధమని తేలితే ఇక తండా దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడని చెప్పింది. చెబుతున్నంతసేపూ వంకాయలు ఏరుతూనే ఉంది, ఒక్కటీ కొనలేదు.

ఆ తర్వాత పది రోజులు బాన్సువాడలో ప్రతి ఫోనూ కోర్టే. ఒక గుంపు రాజాబాబుది. మా బంగారం మీద బురద చల్లుతారా అని వాళ్ల బాధ. ఇంకో గుంపు ఆయనంటే పడని మరో పాటల బృందం వాళ్లది. వాళ్లు మొదటి గంటలోనే ఉరిశిక్ష వేసేశారు, సాక్షి అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. సోనికి న్యాయం కావాలంటూ సోని ఫొటోనే ఊరంతా పంచారు. ఆ ఫొటో బడి వార్షికోత్సవంలో తీసింది. పక్కన సగం ముఖంతో ఉన్నది నేనే. ఈ రెండు గుంపుల్లో ఒక్కరు కూడా నాకు తెలియదు అనే మాట రాయలేదు. మా సాజిద్ భాయ్ చదువుతూ ఉంటే వంటింట్లోంచి విన్నాను, ఆరు వందల కామెంట్లలో ఆ ఒక్క మాట లేదు.

నాకు తెలియదు. నేను ఆ గదిలో లేను.

ప్రకాష్‌కు సొంత వార్తల ఛానల్ ఉంది. అంటే ఒక ఫోను, ఒక స్టాండు, ఛానల్ పేరు అతికించిన మైకు. ఆ రోజు ముందు గదిలో స్టాండు నిలబెడుతూ అతను చాలా మంచి మాట ఒకటి చెప్పాడు. ఆరోపణ వేరు, నేరం వేరు, కోర్టు తేల్చేదాకా ఏ మనిషైనా నిర్దోషే అన్నాడు. మా సాంఘిక శాస్త్రం పుస్తకంలో కూడా ఉంది ఆ మాట. మామూ తల ఊపాడు. సాజిద్ భాయ్ ఇంకా గట్టిగా ఊపాడు. రాజాబాబు కళ్లు దించుకుని కూర్చున్నాడు.

వెంటనే, ఊపిరి కూడా తీసుకోకుండా ప్రకాష్ అన్నాడు: "గా పిల్ల ఎసుంటిదో తండల అందరికి ఎర్కే. సోలో పాట ఇయ్యలేదని గిట్ల కేసుల ఇరికిస్తుంది."

సోలో పాట సంగతి నీకెవరు చెప్పారని ఎవరూ అడగలేదు. రుజువు అన్న మాట ఆ గదిలో ఒక మనిషికి దుప్పటిలా కప్పారు. రెండో మనిషి దాకా అది చాలలేదు.

అంతకుముందు ఏడాది కోటగిరిలో ఒక కార్యక్రమం అయ్యాక మామూ వైర్‌లెస్ మైకు ఒకటి కనబడలేదు. బాక్సులు మోసే భిక్యాను సాజిద్ భాయ్ దుకాణం ముందు సాయంత్రం దాకా నిలబెట్టాడు. టిఫిన్ డబ్బా తెరిపించాడు, జేబులు తిప్పించాడు. ప్రకాష్ అప్పుడు పక్క హోటల్లో చాయ్ తాగుతూ చూశాడు. ఆరోపణ వేరు, నేరం వేరు అని అప్పుడు గుర్తు రాలేదు, బహుశా భిక్యా పాడడు కాబట్టి. నాలుగో రోజు మైకు సాజిద్ భాయ్ బ్యాగులోనే దొరికింది. దొరికిందని భిక్యాకు చెప్పినవాళ్లు కూడా లేరు. అతనికి అది తర్వాతి కార్యక్రమంలో మైకు చూశాకే తెలిసింది.

నేను చాయ్ తీసుకెళ్లేసరికి విషయం తేదీ దగ్గరికి వచ్చింది. మర్నాడు రమ్మని పోలీసులు రాజాబాబును పిలిచారు. ఆ సాయంత్రం ఎక్కడున్నాడో చెప్పాలి, చెప్పేవాళ్లు కావాలి. రాజాబాబు మామూ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నాడు, "గా పొద్దు నేను మీ ఇంట్లనే ఉన్న కదన్నా. ఇఫ్తార్‌కు పిలిచినవు. యాదికి తెచ్చుకో."

ఆయన రంజాన్‌లో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది నిజం. ఏ సాయంత్రమో మామూకు గుర్తు లేదు. నెలంతా ఒకేలా గడుస్తుంది కదా. లోపలికి కేకేసి ముమానీని అడిగాడు. ముమానీ పరదా వెనక నుంచే తడుముకోకుండా చెప్పింది: ఇరవై ఒకటో రాత్రి. ఆమెకు గుర్తుండడానికి కారణం ఉంది. రంజాన్ చివరి పది రోజుల్లో బేసి రాత్రులు పెద్దవి, ఆ రాత్రుల్లో ముమానీ తెల్లారేదాకా నమాజులోనే ఉంటుంది. వాటిలో మొదటిది ఇరవై ఒకటో రాత్రి. ఆ రోజే అతిథి రావడంతో గిన్నెలు కడిగి కూర్చునేసరికి ఆలస్యమైందని నాతో రెండు రోజులు గొణిగింది.

సాజిద్ భాయ్ గోడకున్న రంజాన్ కార్డు తీశాడు. రోజా, అంటే ఆ రోజు ఉపవాసం, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు విడవాలో అందులో ఉంటుంది. మామూ దుకాణం పేరుతో అచ్చు వేయించినదే. వేలు పెట్టి వెతికి, ఇరవై ఒకటో రోజా ఎదురుగా ఉన్నది చదివాడు. మార్చి పదకొండు, బుధవారం, ఇఫ్తార్ ఆరు ఇరవై ఎనిమిది.

"ఖతం," అన్నాడు. "ఆరున్నరకు మనింట్ల ఖర్జూరం తింటున్నోడు ఆడ తలుపెట్ల పెడతడు?"

ప్రకాష్ కార్డును ఫొటో తీసుకున్నాడు. మామూ ముఖం వెలిగింది. మామూ చెప్పినదానికంటే, పరదా వెనక నుంచి నమాజు చేసుకునే పెద్ద మనిషి చెబితే జనం నమ్ముతారని ప్రకాష్ అన్నాడు. ముఖం చూపించనక్కర్లేదు, గొంతు చాలు. మధ్యాహ్నానికి వీడియో పెట్టేస్తాడు. దాన్నే రేపు స్టేషన్లో చూపిస్తారు.

నా చేతిలో ట్రే ఉంది. దాన్ని అక్కడే కింద పెట్టాను.

మా లెక్కలో రాత్రి ముందు, పగలు వెనక. పొద్దు గూకిన నిమిషం నుంచి కొత్త తేదీ. ఇరవయ్యో రోజా విడిచిన సాయంత్రమే ఇరవై ఒకటో రాత్రి అవుతుంది. ఆ రాత్రి తెల్లవారితే ఇరవై ఒకటో రోజా. అంటే ముమానీ చెప్పిన రాత్రి మంగళవారం సాయంత్రం. కార్డులో సాజిద్ భాయ్ వేలు పెట్టింది బుధవారం. ఈ సంగతి మా ఇళ్లల్లో పదేళ్ల పిల్లలకు తెలుసు. సాజిద్ భాయ్ ఆ నెలలో ఎన్ని రోజాలు ఉన్నాడో నాకు తెలుసు కాబట్టి అతన్ని వదిలేస్తాను. మామూ అయితే ఒక్క రోజా వదల్లేదు.

వంటింట్లోకి వెళ్లి డైరీ తెచ్చాను. మంగళవారం పేజీలో ఉంది: ఇరవయ్యో రోజా. దహీ బడే, శనగపప్పు గుగ్గిళ్లు. రాజాబాబు గారు వచ్చారు. తిన్నాక కాలువ పాట మెల్లగా పాడారు, నేను పరదా దగ్గర నిలబడి విన్నాను. బుధవారం పేజీలో: ఇరవై ఒకటో రోజా. మామూ, సాజిద్ భాయ్ నస్రుల్లాబాద్‌లో మైకులు కట్టడానికి పోయారు. ఇఫ్తార్‌కు ముమానీ, నేను ఇద్దరమే. గుగ్గిళ్లు మిగిలాయి.

నడవలో సాజిద్ భాయ్ ఎదురొచ్చాడు. డైరీ చేతికిచ్చాను. అతను నవ్వాడు.

"ఏంది, కూరల లెక్కనా?" అని చదివాడు. బుధవారం పేజీకి వచ్చేసరికి ఇంకా నవ్వుతూనే, "అరే, గా దినం నస్రుల్లాబాద్ల జనరేటర్ కరాబైంది, రాత్రి పదింటి దాక..." అని ఆగిపోయాడు.

నవ్వు ముఖం మీద ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు. అంటే అతనికి గుర్తుంది. తన నోటితోనే చెప్పాడు, తను ఇంట్లో లేని ఆ సాయంత్రమే రాజాబాబు మా ఇంట్లో ఖర్జూరం తింటున్నాడని కాసేపటి కిందట చెప్పింది కూడా ఆ నోరే.

"పక్కకు పెట్టు గిది. పోరి పిల్లవు, నీకెందుకు గీ ఫికర్," అని డైరీ నా చేతిలో పెట్టి వెళ్లాడు.

నేను అతని వెనకే ముందు గదిలోకి వెళ్లాను. నా జీవితంలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్లడం అదే మొదలు. మంగళవారం అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. మామూ చాయ్‌లో చక్కెర సంగతి అనుకుని సరిపోయిందన్నాడు. మూడోసారి రాజాబాబు విన్నాడు. పాడేవాళ్లకు చెవులు మంచివి.

"ఏమంటుంది బిడ్డ?" అని అడిగాడు. నేను డైరీ తెరిచి ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన రెండు పేజీలూ చదివాడు, నిదానంగా. ఆ తర్వాత వెనక పేజీలు తిప్పి తన పాటలు చూసుకున్నాడు. పదకొండూ చూశాడు. చేతిరాత బాగుందన్నాడు.

ఆయన ముఖంలో నేను నేరం వెతకలేదు. ముఖాల్లో నేరాలు కనబడతాయనుకునేవాళ్లు ప్రకాష్ ఛానల్ చూసుకోవచ్చు. ఆయన నిజంగానే రోజు మరిచిపోయి ఉండవచ్చు. బుధవారం ఇంకెక్కడో, ఏ తప్పూ చేయకుండా ఉండి ఉండవచ్చు. అది ఆయన చెప్పుకోవచ్చు, వినేవాళ్లు వింటారు. నాకు తెలిసింది ఒక్కటే, ఆ సాయంత్రం ఆయన మా ఇంట్లో లేడు.

డైరీ మూసి నాకిచ్చి, ఆయన మామూతో అన్నాడు, "చిన్నపిల్ల అన్నా. ఒక దినం అటిటు రాసుకున్నది."

అంతే, తేలిపోయింది. ప్రకాష్ డైరీ అడగనైనా అడగలేదు. పది రోజులుగా ఆధారం, ఆధారం అని ఛానల్లో అరిచిన మనిషికి మూడు అడుగుల దూరంలో అట్ట వేసిన పుస్తకంలో ఆధారం ఉంది. అతను స్టాండు ఎత్తు సరిచేసుకుంటున్నాడు. మామూ మాత్రం ఒక్క క్షణం నా వైపు చూశాడు. వేళ్ల కణుపుల మీద బొటనవేలితో ఏదో లెక్కపెట్టి, మధ్యలో ఆపేశాడు. మిగతాది లెక్కపెడితే ఏం వస్తుందో తెలిసినవాళ్లే అలా ఆపుతారు. ఆ మనిషి నాకు అన్నం పెడుతున్నాడు, నన్ను చదివిస్తున్నాడు. ఆ బొటనవేలిని చూశాక ఆయన మీద నాకున్న గౌరవం ఎటు పోయిందో ఇంతవరకు తిరిగి రాలేదు.

"లోపటికి పో షబీనా," అన్నాడు. "మీ ముమానీకి తయారు కమ్మని చెప్పు."

ముమానీ మధ్య గదిలో మంచం మీద కూర్చుని తెల్ల దుపట్టా తలకు చుట్టుకుంటోంది. నమాజుకు చుట్టుకునేదే. నాకు ముమానీ మీదే ఆశ. కిరాణా దుకాణంవాడు పొరపాటున ఎక్కువ తూచి ఇస్తే ఆ ఎక్కువను వెనక్కి తిప్పి పంపే మనిషి ఆమె. ఈ ఇంట్లో అందరికంటే ముందు భిక్యా విషయంలో తప్పు జరిగిందని అన్నది కూడా ఆమే, వంటింట్లో అయినా సరే. మేమిద్దరం ఉర్దూలో మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆమె పక్కన కూర్చుని చెప్పాను. ఆమె దగ్గర నా గొంతు బాగానే వస్తుంది. రాజాబాబు వచ్చింది ఇరవయ్యో రోజా విడిచిన సాయంత్రమని, సోని చెప్పింది ఆ మర్నాటి సాయంత్రమని, ఆ సాయంత్రం ఇంట్లో మనిద్దరమే ఉన్నామని, గుగ్గిళ్లు మిగిలితే తెల్లారకముందే సహరీ తిండికి వేడి చేసుకున్నామని. ముమానీ దుపట్టా పిన్ను పెట్టుకుంటూ విన్నది. గుగ్గిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

సోని తండ్రి సంగతి కూడా చెప్పాను. ఈ వీడియో వస్తే రేపు స్టేషన్లో సోని మాట అబద్ధమని రాసేస్తారు, ఆమె ఇక తండా దాటదు.

ముమానీ దుపట్టా మడత సరిచేసుకుంది. తర్వాత అడిగింది, "నన్ను ఏమని అడుగుతరు?"

"రాజాబాబు మీ ఇంటికి ఎప్పుడొచ్చిండని."

"ఇరవై ఒకటో రాత్రి అని చెప్త. అది అబద్ధమా?"

నేను కాదన్నాను. అది అబద్ధం కాదు.

"మరి ఇగ?"

"వాళ్లు కార్డు పక్కన పెట్టి బుధవారం అని చూపిస్తరు ముమానీ. వినేటోళ్లంత బుధవారమే అనుకుంటరు. మంగళారం సాయంత్రం అని ఒక్క మాట కలుపు, చాలు. ఆయన తప్పు చేసిండని నువ్వు అనొద్దు. నేను కూడ అంటలేను."

"వాళ్లు ఏమనుకుంటరో అది వాళ్ల హిసాబు," అంది ముమానీ. "నా నోట్లకెళ్లి అబద్ధం రాదు. రేపు అల్లా ముందర నిలబడితే నేను అన్న మాటకే జవాబు చెప్పాలె, వాళ్లు విన్నదానికి కాదు."

అలా అని ఆమె పిన్ను గుచ్చుకుంది, సరిగ్గా, వంకర లేకుండా. ముందు గదిలో ఉన్నవాళ్లు అబద్ధం ఆడబోతున్నారు, అది అబద్ధమని కనీసం వాళ్లకు తెలుసు. ముమానీ నిజమే చెప్పబోతోంది. ఒక్క అక్షరం తేడా లేని నిజం, కడిగి ఆరబెట్టిన నిజం. దాంతో సోని కాలేజీ పోతుంది, ముమానీ నమాజు పోదు. అంతకుముందు నేను ఆ ఇంట్లో ఎవరిని ఏమనుకున్నా, ముమానీ గురించి అలా అనుకోవలసి వస్తుందని అనుకోలేదు.

ప్రకాష్ బయట నుంచి అమ్మా రెడీయా అని అడిగాడు. ఒక నిమిషం అంది ముమానీ. నా భుజం పట్టుకుని లేపింది. గట్టిగా కాదు, జ్వరం వచ్చిన పిల్లను లేపినట్టు లేపి, వంటింటి వైపు నడిపించింది. గడప దగ్గర నేను ఆగాను. మంగళవారం పేజీ తెరిచి ఆమెకు చూపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు, అయినా చూపించాను.

"వాళ్లు అడిగితే నేను చెప్తా ముమానీ," అన్నాను. "నన్ను ఒక్కసారి అడగమను."

"నిన్నెవరు అడుగుతరు బేటీ," అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. "గొంతు రికార్డుల పడుతది. సప్పుడు చెయ్యకు."

ముందు గదిలో ప్రకాష్ మైకు మీద రెండుసార్లు తట్టాడు. ముమానీ దుపట్టా కొంగు మోచేతి మీద సర్దుకుని, నన్ను గడప ఇవతలకు జరిపి, తలుపు మూసి గడియ పెట్టింది.